పన్నెండో పేరు

ముందు అతని వేళ్ళ గురించి చెప్పాలి.
కుడిచేతికి ఐదూ ఉన్నాయి గానీ
ఏ రెండూ ఒకే దిక్కు చూడవు.
చిటికెన వేలు పద్దెనిమిది వందల ఎనభై తొమ్మిదిలో విరిగింది.
ఉంగరం వేలు ఆ మరుసటేడు,
వానకి తడిసి బరువెక్కిన బంతికి.
బొటనవేలు సంగతి ఎవరడిగినా
గుర్తులేదంటాడు.
ఆంబ్రోస్ టియర్నీ, క్యాచర్.
బ్యాటు వెనకాల గొంతుక్కూచోవడం వృత్తి.

హార్లన్ ఫెర్రీ జట్టులో
ఆడేవాడూ అతనే, ఆడించేవాడూ అతనే.
నెలకి తొంభై డాలర్లు:
అరవై ఐదు ఆటకి,
మిగతా పాతిక తిట్లు తినడానికి.
పొద్దున్నే టికెట్లు లెక్కపెట్టి
రైలు వేళలు కనుక్కుని
రైట్ ఫీల్డులో మేస్తున్న ఆవుని తోలుకెళ్ళి
మిసెస్ డాబ్నీ దొడ్లో కట్టేసి
మధ్యాహ్నం మూడింటికి మాస్కు తొడుక్కునేవాడు.
ఖర్చు తగ్గించమంటాడు బీరు ఫ్యాక్టరీ స్టాకర్,
జట్టు అతనిది.
జీతం పెంచమంటారు కుర్రాళ్ళు,
మోకాళ్ళు వాళ్ళవి.
కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.
ఆంబ్రోస్ కరవనూ లేదు, విడవనూ లేదు,
పొగాకు నములుతూ పద్దు రాసుకున్నాడు:

బంతులు నాలుగు. ఒకటి నదిలో పడింది,
పిల్లాడికి ఐదు సెంట్లిచ్చి తీయించాను.
గుర్రాలకి రాసే తైలం ఒక సీసా, నాకు.
ఓడిపోయాం.
ఓడిపోయాం.
వాన. దేవుడి దయ.

జూన్‌లో దిగాడు వెండెల్ క్రాట్జ్.
పందొమ్మిదేళ్ళు, భుజాలు జారిపోతున్న తండ్రి కోటు.
వాడు రెండో బేసుకి విసిరితే
బంతి ఎగరదు,
గీత గీస్తుంది.
రెండు వారాలకే చెక్క మెట్ల మీది జనం
వాడి పేరు పెట్టి అరవడం మొదలెట్టారు.
మేనేజరుగా ఆంబ్రోస్ సంతోషించాడు.
క్యాచరుగా
బూటు లేసు విప్పి మళ్ళీ ముడేసుకున్నాడు.

జులైలో స్టాకర్ కబురు:
పన్నెండు మందికే జీతాలు. ఒకణ్ణి పంపెయ్.

ఆ రాత్రి హోటల్ గదిలో
పదకొండు పేర్లు గబగబా రాశాడు.
పన్నెండో గీత దగ్గర
దీపంలో కిరసనాయిలు అయిపోయేదాకా కూచున్నాడు.
ముప్పై ఏడేళ్ళు.
వంగి కూచోవడం తప్ప వేరే పని రాదు.
ఇంటి దగ్గర ఇద్దరాడపిల్లలు, బొగ్గు కొట్లో అప్పు.
ఇవన్నీ నిజాలే,
ఇవేవీ సాకులు కావని అతనికీ తెలుసు.
చివరికి చీకట్లోనే రాశాడు.
చీకట్లో రాసినా
తన పేరులో ఒక్క అక్షరం తప్పిపోలేదు.

"నీ చెయ్యి ఇంకా ముదరాలబ్బాయ్,
వచ్చే ఏడు రా" అన్నాడు స్టేషన్లో.
వచ్చే ఏడుకి లీగే లేదు.
ఆగస్టులోనే మూడు జట్లు దివాలా తీశాయి,
స్టాకర్ యూనిఫారాలన్నీ
ఒక సర్కస్ వాడికి అమ్మేశాడు.
ఆ మిగిలిన రోజుల్లో ఆంబ్రోస్
నలభై ఒక్కసార్లు బ్యాటు పట్టి, ఆరు హిట్లు కొట్టాడు.
పద్దు తన చేతిలోనే ఉంది.
దిద్దుకోలేదు.

పదకొండేళ్ళ తర్వాత
ఐసు బండి తోలుకునే ఆంబ్రోస్
ప్రతి శనివారం గడ్డం గీయించుకునేది క్రాట్జ్ దుకాణంలో.
ఇంకో మంగలి లేక కాదు,
వంతెన అవతలివాడు ఐదు సెంట్లు తక్కువే తీసుకుంటాడు.
కుర్చీ వెనక్కి వాల్చి, నురగ రాసి,
గొంతు మీద కత్తి ఆన్చే ఆ ఒక్క క్షణం
ఇద్దరూ మాట్లాడరు.
తర్వాత వాన గురించీ, గుర్రాల ధరల గురించీ.

ఒక చలికాలం శనివారం
వేడి తువ్వాలు మొహానికి కాక
ఆ వంకర చేతికి చుట్టాడు క్రాట్జ్.
ఒక్కో వేలూ ఒత్తుతూ వచ్చి
బొటనవేలి దగ్గర ఆగాడు.
"ఇది ఎప్పటిది?"

పొయ్యి మీద కెటిల్ మూత గడగడలాడింది.

"నువ్వెళ్ళిన మర్నాడు."

క్రాట్జ్ తువ్వాలు పిండాడు,
కత్తి తుడిచి డబ్బాలో పెట్టాడు.
"పదిహేను సెంట్లు" అన్నాడు,
ఎప్పటిలాగే.