అన్సెల్మోకి, షాపు తాళాలతో పాటు

ఎర్మోసియోలో ఎండ ఎవరి మాటా వినదు.
జులైలో పదకొండింటికే రేకు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది,
అందుకే అతికించే పని తెల్లారకముందే మొదలుపెట్టు.
కాలిన బానెట్ మీద వినైల్ పరిచావో
జిగురు జలగలా పట్టేస్తుంది.
సరిచేద్దామని లేపితే సాగుతుంది, వంకరపోతుంది,
ఆ రెండు మీటర్లూ నీ జీతంలోంచి పోతాయి.
రేపటి నుంచి జీతమిచ్చేదీ నువ్వే. అయినా పోతాయి.

ముందు కడుగు.
కడిగాక స్పిరిట్‌తో తుడువు. తుడిచాక ఇంకోసారి తుడువు.
తలుపు పిడి వెనక, అద్దం రబ్బరు కింద
మైనం నక్కి కూర్చుంటుంది.
"నిన్ననే కడిగించాను" అంటాడు బండి ఓనరు.
పాపం, నిజమే చెబుతాడు.
నువ్వు మాత్రం నమ్మకు.

ప్రింటు బయటికి రాగానే ల్యామినేట్ చెయ్యకు.
చుట్టను వదులుగా నిలబెట్టి
ఇంకు వాసన పోయేదాకా ఒక రోజు వదిలెయ్.
పెళ్లి బస్సనీ, ఎన్నికల వ్యాననీ
ఎవడో ఒకడు నెత్తిన కూర్చుంటాడు.
మూడో నెలలో అంచులు లేచినప్పుడు
తొందర ఎవరిదో ఎవరికీ గుర్తుండదు,
పని ఎవరిదో అందరికీ గుర్తుంటుంది.

ఫోన్ నంబరు పైకి చదివించి, సంతకం తీసుకో.
టోర్టియాల వ్యాను మీద ఒకసారి
ఏడుకి బదులు ఒకటి పడింది నా చేతిలో.
మూడు నెలలు ఆ ఫోన్లన్నీ
పళ్ల డాక్టరు భార్య దోన్యా ఒబ్దూలియాకి వెళ్లాయి.
మొదట తిట్టింది.
తర్వాత విసుగొచ్చి ఆర్డర్లు రాసుకోవడం మొదలుపెట్టింది.
ఇప్పటికీ నవ్వుకుంటారు ఆ పేటలో.
నేను రెండు వ్యాన్లు ఊరికే చేసిపెట్టాను.

సగం డబ్బు ముందే పుచ్చుకో.
పెయింటు పొక్కిన బండిని చెయ్యనని చెప్పు.
మొహమాటం మన వృత్తిలో తుప్పు లాంటిది,
పైన ఎంత అందంగా కప్పినా లోపల తింటూనే ఉంటుంది.
బ్లేడు కొన విరవడానికి పిసినారితనం వద్దు,
మొండి బ్లేడే పెయింటు దాకా దిగేది.
బుడగ కనబడితే సూది చాలు,
గోటితో పోయేదానికి గొడ్డలెత్తకు.
రివెట్ల దగ్గర, బంపరు మలుపు దగ్గర
లాగకు.
హీట్ గన్ చూపించి ఆగు. అదే దిగుతుంది.

ఇంకొకటి చెప్పాలి.
ఎవరిస్తో తెలుసుగా, ఐస్ లారీ.
"బొహోర్కెస్ అన్నదమ్ములు" అని
పన్నెండేళ్ల క్రితం నేనే అంటించాను, తెల్లటి అక్షరాలు.
పోయిన మార్చిలో ఒక్కడే వచ్చాడు.
"రెండో మాట తీసెయ్" అన్నాడు.
ఎందుకని అడగలేదు. అడగకూడదు, అదీ నేర్చుకో.

వేడి చేసి, అంచు పట్టి, ఏటవాలుగా లాగితే
చక్కగా వచ్చేసింది, జిగురు కూడా మిగల్లేదు.
మాట మాత్రం అక్కడే ఉంది.
చుట్టూ పెయింటు ఎండకి వెలిసిపోయింది,
అక్షరాల కింద కొన్నప్పటి నీలం అలాగే ఉంది.
రోడ్డు అవతల నుంచి కూడా చదవొచ్చు.
పాలిష్ పెట్టాను. పోదు,
మాసింది అది కాదుగా, మిగతా లారీ.

మొత్తం కప్పడానికి ఎంతవుతుందన్నాడు.
చెప్పాను.
ఆలోచించుకుంటానని వెళ్లాడు,
ఇంకా ఆలోచిస్తున్నాడు,
లారీ ఊరంతా అలాగే తిరుగుతోంది.

అంటించడానికి చదరపు మీటరుకింత అని గోడ మీద రాశాను.
తీయడానికి ఎంత తీసుకోవాలో
ముప్పై ఏళ్లయినా నాకు తెలియలేదు.
గంటకింత అని ఊరికే రాసిపెట్టాను.
నీకు మంచి లెక్క తడితే మార్చుకో.

బయట బోర్డు మీద నా పేరుంది.
తీసేటప్పుడు తెల్లవారుజామున తీయకు,
చల్లటి వినైల్ ముక్కలు ముక్కలుగా చిరుగుతుంది.
కాస్త ఎండ పడనివ్వు.
మూల నుంచి, నిదానంగా.
కింద ఏం కనిపించినా నాకు ఫోన్ చెయ్యకు.

ఆ పెద్ద ఫ్యాను మూడో నంబరు మీద పెట్టొద్దు,
దుమ్ము లేస్తుంది.