తరుగు

మోటారు పలక మీద పదకొండు వేల వోల్టులు.
ట్రాన్స్‌ఫార్మర్‌కు నేను రాసింది పదకొండు వేల ఐదొందలు.
ఆడిటర్ ఎర్ర పెన్నుతో గీత గీసిండు:
"పదకొండుకు పదకొండు చాలదా మేడం?
ఈ ఐదొందలు ఎవరి జేబులకు?"

ఏనుమాముల యార్డుల ఓ పొద్దు.
కాంటా మీద మిర్చి బస్తా నలభై కిలోలు,
చిట్టీల ముప్పై ఎనిమిది.
"తరుగు" అన్నడు అడ్తిదారు, తుమ్ముకుంట.
మరుసటేడు నాయిన
బస్తాకు రెండు కిలోలు ఎక్కువ తొక్కిండు.
చిట్టీల నలభై పడ్డది.
ఆ రాత్రి గెలిచినోని లెక్క పండుకున్నడు.

కరెంటుకూ తరుగున్నది సారూ.
ఖాళీగున్నప్పుడు నిండుగ నిలబడ్డ వోల్టు
బరువెత్తంగనే కుంగుతది,
చుట్టల కొంత, కేబుల్ల కొంత.
మోటారు గుమ్మం దాకా నడిచొచ్చేది మిగిలిందే.
పదోవంతు వోల్టు తగ్గితే
బలం పదోవంతు కాదు, ఐదోవంతు పోతది.
వర్గం లెక్క. ములుగు బడిల
బెత్తం దెబ్బలకు నేర్చుకున్నది.

మరి వెయ్యి ఎందుకెయ్యలే అంటరా?
పంపులన్నీ ఆగిన అర్ధరాత్రి
ఆ ఎక్కువంత ఇన్సులేషన్ నెత్తినెక్కి కూసుంటది.

ట్రయల్ రోజు ఏటూరునాగారం దాటినంక గోదారి ఒడ్డు,
పంప్‌హౌస్‌ల మూడో అంతస్తు కింద చెమట.
ఆపరేటర్ ఓదెలు స్విచ్చుకు దండం పెట్టి తిప్పిండు.
ముల్లు పడ్డది.
పదకొండున్నర, పదిన్నర, తొమ్మిది వేల ఎనిమిదొందలు.
గోడ మీది బుగ్గలు గుడ్లు తేలేసినయి.
ఎవ్వరం ఊపిరి తియ్యలే.
ఇరవై మెగావాట్ల ఇనుము
గొణుక్కుంట, మూలుక్కుంట లేచి,
ఫీల్డ్ ఇయ్యంగనే
ఒక్క గుంజు గుంజి అడుగుల అడుగేసింది.

ముల్లు ఎక్కింది. పదకొండు దగ్గర ఆగింది.
ఫీల్డ్ ఇంకింత పెంచమన్న.
ఇంకో యాభై ఎక్కింది.
కుంగదీసిన మోటారే
బస్‌బార్ చంకల కింద చేతులేసి లేపుతున్నది.
తరుగు పట్టినోడే ఎనకకొచ్చి
దోసెడు కొసరేసి పోయినట్టు.
అసొంటి అడ్తిదారును నాయిన సూడలే.

ఓదెలు నవ్విండు: "నీళ్ళెక్కినయి మేడం."
పైన తూము కాడ ఎవరో ఈల ఏసిన్రు.

అభ్యంతరం నంబర్ పద్నాలుగు ఇంక తెరిచే ఉన్నది.
జవాబు కాలమ్ ఖాళీ.
నాయిన ఉంటే ఒక్కటే అడుగు:
"గా తరుగు ఎవడు తింటుండు బిడ్డా?"
ఎవడు తింటలేడు నాయినా.
ఎత్తుడుకే పోతున్నది.