నాలుగో కాలు

చక్రాల మీది ఇల్లు మాది.
చీమకుర్తి క్వారీలో బెంచీ మారినప్పుడల్లా
ట్రాక్టరు కొక్కేనికి తగిలించి
మమ్మల్నీ, పొయ్యినీ, దండెం మీది తడిబట్టల్నీ
కలిపి ఈడ్చుకుపోతారు.
రేకు గోడలు, ప్లైవుడ్డు నేల,
మంచం కింద నూటయాభై లీటర్ల డ్రమ్ము,
దాని పక్కన లారీ బ్యాటరీతో నడిచే
అరచేతంత పంపు.

అరచేతంతే.
గొంతు మాత్రం గాడిదది.
కుళాయి తిప్పితే చాలు
నేలంతా డప్పవుద్ది,
గిన్నెల స్టాండులో గరిటెలు వణుకుతాయి,
గోడకి కొట్టిన పైపు గోడనే కొడుద్ది.
తిప్పకపోయినా అంతే.
వాషరు అరిగిన కుళాయి
చుక్క చుక్కగా కారి, ఒత్తిడి తగ్గి
నడిరేయి ఒక్కసారి గుర్రుమని
ఊరుకుంటది.
మళ్ళీ ఎప్పుడా అని
నేను రేకు కప్పుని చూస్తా పడుకుంటా.

మాలకొండయ్యకి ఇదేం పట్టదు.
పదహారేళ్ళు జాక్‌హామరు పట్టిన మనిషి.
రాతిలో బెజ్జాలు పడ్డట్టే
చెవుల్లోనూ పడ్డాయి.
కుడివైపు నుంచి పిలిస్తే పలకడు,
ఎడమవైపు చేరి అరిస్తే
"మెల్లగా చెప్పు, ఊరంతా వింటంది" అంటాడు.

అమావాస్యకి పని లేదు.
ఆయన ఒంగోలు పోయాడు, నేను మంచం ఎత్తా.
ముందు కుళాయికి కొత్త వాషరు. చుక్క ఆగింది.
గట్టి పైపు పీకేసి
మందు కొట్టే స్ప్రేయరు గొట్టం, మెత్తంది, బారెడు,
పాము చుట్టలాగా తిప్పి పెట్టా,
వణుకు ఆ వంపుల్లోనే అలిసిపోవాలని.
ప్లైవుడ్డుకి బిగించిన మరలు విప్పి
పంపుని దించి
పాలిష్ షెడ్డు వెనక పారేసిన
నల్లరాతి ముక్క మోసుకొచ్చా.
ఎనిమిది కిలోలుంటది,
పగిలిన అంచులో చుక్కలు మెరుస్తున్నాయి.
ఏ దేశంలోనో వంటింటి గట్టు కావలసింది
మా పంపుకి పీటయింది.
పీటకీ నేలకీ నడుమ పాత ట్యూబు.
పంపు కాళ్ళ కింద
నా హవాయి చెప్పు కోసిన నాలుగు ముక్కలు.
"రెండో చెప్పేం చేసుకుంటా?" అంది
పక్క ట్రైలరు శేషారత్నం.
"కుంటుతా" అన్నా.

ఆ రాత్రి కుళాయి తిప్పా.
నీళ్ళ చప్పుడు
నా ఇంట్లో నేను వినటం
అదే మొదలు.
గ్లాసు అడుగున బొంగురుగా మొదలై
నిండేకొద్దీ సన్నబడుద్దని
ఇన్నాళ్ళూ తెలవలా.
రాళ్ళగుట్ట మీద ఏదో పిట్ట,
రోడ్డు మలుపులో లారీ గేరు మార్చటం,
అన్నీ వచ్చి ఇంట్లో కూర్చున్నాయి.

రెండింటప్పుడు ఆయన లేచాడు.
లైటేసి, నా వంక చూసి,
"పంపు పాడయిందా?"
"లేదు, బాగు చేశా."
"నీళ్ళు తాగలా మరి?"
"తాగా. రెండుసార్లు."
నేల మీద అరచెయ్యి ఆనించి
చాలాసేపు అట్లాగే ఉన్నాడు.
రాయి లోపల పగులు ఎటు పోతందో
తడిమి చెప్పే చెయ్యి అది.
"నువ్వు లేస్తే నా వెన్నుకి తెలిసేది.
ఇయ్యాల తెలవలా.
యాడికన్నా పోయినావేమో అనుకున్నా."

మూడేళ్ళుగా ఆ గాడిద గొంతు
ఈ ఇంట్లో నాదని
నాకేం తెలుసు?

పొద్దున్నే మళ్ళీ మంచం ఎత్తా.
మూడు కాళ్ళ కింద ముక్కలు ఉంచి
నాలుగోది లాగేశా.
ఆ కాలికి సన్న ఇనప పట్టీ ఒకటి కట్టి
రెండో కొస
ఆయన పడుకునే వైపు చెక్కకి బిగించా.
ఇప్పుడు కొంచెం గొణుగుద్ది.
గొణగనీ.
మిగిలిన చెప్పుముక్క
గాలికి తలుపు కొట్టుకోకుండా
సందులో దోపా.