కొట్టేసిన నిట్టూర్పులు

గెంక్ ఆసుపత్రి నేలమాళిగలో
ఖోడెలీవ్ పాత కాగితపు చుట్టలు విప్పుతోంది.
రేపటితో ఉద్యోగం అయిపోతుంది.

ఒరెస్తె, బొగ్గుగని మనిషి.
ముక్కుకి క్లిప్పు, నోట్లో గొట్టం.
"ఆయాసం పదికి ఎంత?"
తెరమీద కుక్కపిల్లకి మూడు వేళ్లు చూపాడు.
మూసేసిన గని గేటుకి ఎనిమిది.
రెండుసార్లూ గాలి అంతే,
యంత్రం ఒట్టేసి చెప్పింది.

ఆ తేడా మీదే ఆమె ముప్పై ఏళ్లు బతికింది.

గీత మధ్యలో
గని పక్క బొగ్గుగుట్టల్లా
ఉన్నట్టుండి లేచినవి నిట్టూర్పులు.
లెక్క చెడగొడతాయని ప్రొఫెసర్ అంటే
ఎర్రపెన్సిల్‌తో తనే కొట్టేసింది.

ఇప్పుడు రబ్బరు తీసుకుని
ఆ ఎరుపు చెరుపుతోంది,
కాగితం చిరక్కుండా, ఊపిరి బిగబట్టి.

పద్నాలుగోదాని పక్కన తన రాతే, చిన్నగా:
"భార్య ఎలా ఉందని అడిగాను."