మూడు చుక్కలు పొడిచేదాక

శనివారం అయిదు దాటినంక
సుబేదారి కాడి పాత కాలేజీ హాల్లకు సామాను దించిన.
రెండు బాక్సులు, నాలుగు మైకులు,
నాయిన కొన్న ఆంప్లిఫైయరు.
నాయిన గూడ వచ్చిండు, వైర్లు చుట్టుడు ఆయన పని.
నలపై ఏండ్లు బాక్సుల పక్కన నిలవడి
రెండు చెవులు ఊరేగింపులకే ఇచ్చిండు.

బతుకమ్మకు కట్టినం, పీరీలకు కట్టినం,
కాజీపేట ఉర్సుకు, ఫాతిమానగర్ చర్చి పండుగకు కట్టినం.
యూదుల పాటలంటే మాత్రం
ఏ గొంతుకు ఎంత బాసు పెట్టాల్నో ఎర్క లేదు.

స్విచ్చు మీద వేలు పెట్టవోతే
ఠాణా నుంచి నిన్ననే వచ్చి దిగిన పెద్దాయన, హనోక్ పేణ్కర్,
నన్ను ముట్టకుండనే ఆపిండు:
"ఆగు బేటా. విశ్రాంతి దినం ఇంక పోలే.
మూడు చుక్కలు పొడవాలె."

కరెంటుకు ఆగిన, మంత్రికి ఆగిన,
పైసలకు ఆగని దినమే లేదు.
చుక్కలకు ఆగుడు ఇదే మొదలు.

అందరం మెట్ల మీదికి వచ్చినం:
లెక్చరర్లు, ఒక మౌల్సాబు, హాస్టలు పోరగాండ్లు.
మబ్బులు. పెట్రోలు బంకు ట్యూబులైట్లు.
ఒకటి దొరికింది. చాన సేపటికి రెండోది.
మూడోదని ఎవలో చూపెట్టింది
సెల్ టవరు ఎర్రలైటు.
అప్పుడు నాయిన, దేనికోసం దేవులాడుతున్నమో ఇనకుండనే,
పద్మాక్షి గుట్ట మీదికి చూపుడువేలు ఎత్తిండు.
అగో, నీళ్ళల్ల ఉప్పుగల్లంత.

జడ లెక్క అల్లిన మైనపు వత్తి అంటించిండ్రు.
లవంగాల డబ్బీ చేతులు మారింది.
పోయే దినాన్ని వాసన చూసి సాగదోలుడట.
నా వేళ్ళకు సోల్డరింగు వాసన, అండ్లనే కలిసింది.
వత్తిని ద్రాక్షరసంల ముంచితే సుయ్యిమన్నది.
"ఇప్పుడు వెయ్యి" అన్నడు పెద్దాయన.

కొచ్చి సిప్పోరమ్మ పాత మలయాళంల పాడింది,
పెండ్లిపిల్లను పడవ మీద
దేవుని కాడికి తీస్కపోతున్నట్టు.
బగ్దాదు పాట ఒకటి
మా ఉర్సు కవ్వాలీకి మేనత్త బిడ్డ లెక్క వచ్చి కూసున్నది.
యెమెను ఆడామె నద్రాకు డప్పు వద్దట.
గుడి కూలిన్నాటి సంది వాళ్ళు వాద్యం ముట్టలేదట.
"ఖాళీ డబ్బా ఉంటదా?"
ఉరికిన. బజ్జీల బండి కొంరమ్మను బతిమిలాడి
పదిహేను కిలోల నూనె డబ్బా పట్కొచ్చిన.
ఆమె వేళ్ళు వడంగనే
రేకులకెల్లి వాన లేసింది.

గుడి కూలితే పాట ఆగదా అని నేనడగలే.
ఖిల్ల వరంగల్ల పుట్టినోన్ని.
గుడి లేని తోరణాల కిందికెల్లే బడికి పోయిన.

బాపట్ల దిక్కు పిల్ల, కెజియా, కాయితం పట్టుకొని లేచింది.
మన తెలుగే, కోస్తా యాస.
చెప్పులు కుట్టిన తాత మీద రాసుకున్నదట:
"శుక్రవారం పొద్దు వాలగానే
సగం కుట్టిన చెప్పులో సూది గుచ్చి వదిలేసేవాడు.
మర్నాడు చుక్కలు పొడిచేదాకా
మా ఇంట్లో ఆ సూది ఒక్కటే
నిలబడి ప్రార్థన చేసేది."
చప్పట్లు కొట్టనీకి ఎవలికీ చేతులు రాలే.

ఆఖరుకు పేణ్కర్ నా దిక్కు చెయ్యి ఊపిండు:
దీనికి మైకు వద్దు.
నాబులన్ని కిందికి దించిన.
పోలండు దిక్కు రాగమట, ఎవల కాడ నేర్సుకున్నడో.
మాటలు లేవు.
ముసలోడు నిద్ర రాక తనతోనే మాట్లాడుకున్నట్టు,
నడుమ నడుమ నవ్వినట్టు.
ఇరవై ఏండ్లల మీటరు ముల్లును చూడకుండ
ఒక గొంతు ఇన్నది గప్పుడే.
పక్కకు చూస్తే నాయిన
బల్ల మీద అరచెయ్యి పరిచి కూసున్నడు.
చెక్కలకెల్లి ఏమొచ్చిందో నాకు చెప్పలే.

రాత్రి పదికి డబ్బా తిరిగిచ్చిన.
"సొట్టలు వెట్టిండ్రేందిర" అన్నది కొంరమ్మ.
పొయ్యి ఆర్పి, గంటెతోని ఒకసారి కొట్టి చూసింది.
ఆగింది.
మల్ల కొట్టింది.