తొమ్మిది సున్నాలు

డులూత్‌లో రేవు ఇంకా గడ్డకట్టే ఉంది.
సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో మా టోకెను నలభై ఏడు.

అద్దం అవతలి అమ్మాయి కాగితం తిప్పి చూపించింది:
ఐలీ కంగాస్. ఏడాదికో గీత, గీతకో జీతం.
ముప్పై అయిదేళ్ళు లెక్కేస్తారట.
నావి ఇరవై ఆరు.
మిగతా తొమ్మిదీ సున్నాలు.

అందులో నాలుగు, మా పెద్దాడికి బడి వయసొచ్చేదాకా.
మిగతావి మా అత్తగారు మంచం దిగని చలికాలాలు.
ఆ అమ్మాయికి చెప్పలేదు,
ఆ గడిలో పట్టవు.

తర్వాత రేనో వంతు.
ముడి ఇనుము ఓడలకెత్తిన భుజాలు, మొన్ననే అరవై రెండు.
"ఇప్పుడే తీసుకుంటే తక్కువ, డెబ్బై దాకా ఆగితే ఎక్కువ."
దీపం ఉండగానే కదా అని
నేనే పెన్ను అందించాను.

దాని మూత పెట్టేశాడు.
"నేను పోతే ఆ చెక్కు?"
"ఆమెకే. మీకొచ్చేదంతా."
"అయితే ఆగుతా."

ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో
నోరారా ఒక్క ముద్దుమాట అనని మనిషి.

బస్సులో దగ్గుతూనే ఉన్నాడు.
మఫ్లరు సర్ది, వేళ్ళు మడిచాను:
ఇంకా ఎనిమిది చలికాలాలు
ఆ భుజాలతోనే.