కలగలుపు బియ్యం

పెరంబూరులో తమిళుల ఆరాధన ముగిశాక
పదిన్నరకి మా తెలుగు గంట కొడతారు.
బెంచీలింకా వెచ్చగానే ఉంటాయి.
గోడవారగా, ఫ్యాను గాలి తగలని చోట
కానుకల పుస్తకం ముందేసుకుని కూర్చుంటాను.
రైల్వే గూడ్సు షెడ్డులో గుమాస్తాగా అరిగిన చెయ్యి,
ఇరవై రెండేళ్లుగా ఒక్క కొట్టివేత లేదు.

చిరిగిన పది నోటుకి టేపు వేసి మరీ లెక్కపెడతాను.
పరీక్ష పాసైనందుకు,
కిడ్నీలో రాయి పడిపోయినందుకు,
పోయిన పర్సు దొరికినందుకు
(సగం డబ్బుతోనే దొరికినా)
కృతజ్ఞతార్పణ అని రాస్తాను.
అంతకుమించి అడగను. అంకె చాలు.

బియ్యం మాత్రం ఆడవాళ్ల సంగతి.
ఎసట్లో పోసే ముందు పిడికెడు తీసి డబ్బాలో వేసి
ఆదివారం మూటగట్టి తెచ్చి
బలిపీఠం పక్కన నీలం డ్రమ్ములో వొంపుతారు.
మా ఎలీసమ్మ ఉన్నన్నాళ్లూ వొంపింది.
ఆమె పోయాక ఆ డబ్బాలో
నేను మేకులు పోసుకున్నాను.
సువార్తమ్మ తూకం చెబితే రాసుకునేవాణ్ణి:
పది కిలోలు. తొమ్మిదిన్నర. మళ్లీ పది.

ఆగమన కాలం రెండో వారం నీళ్లొచ్చాయి.
ముందు గుమ్మం, తర్వాత మంచం కోళ్లు,
ఆ తర్వాత కొలవడం మానేసి
మేడమీద పొరుగువాళ్ల వరండాలో కూర్చున్నాను.

మూడో సాయంత్రం
నడుం లోతు నీళ్లలో సువార్తమ్మ, నెత్తిన గిన్నెతో.
కార్పొరేషన్లో వీధులూడ్చే మనిషి,
తన ఇంటిమీది రేకే ఎగిరిపోయిన మనిషి.
"రెండు పడులయ్యా. డ్రమ్ము ముందే గంట గోపురం ఎక్కించాం,
తడవలేదు. పుస్తకంలో రాసుకోండి."
"నాకెందుకు, పిల్లలున్న ఇంటికియ్యి" అన్నాను.
"ఇచ్చాకే వచ్చా" అంది.
చెయ్యి చాచడం నాకు చేతకాలేదు.
రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక
లుంగీకి తుడుచుకున్నాను.

ఆ బియ్యం సరిగ్గా ఉడకలేదు.
ఉడకవు మరి.
రేషన్ బియ్యం ముద్దయ్యాయి,
ఉప్పుడు బియ్యం పంటికి తగిలాయి,
ఎవరిదో కలిగినింటి బాస్మతి
ఎవరితోనూ కలవక పొడుగ్గా నిలబడింది,
ఇడ్లీ బియ్యం అడుగున చేరి మాడాయి,
ఒక పిడికెడు నూకలు గంజిలోనే కరిగిపోయాయి.
నలభై ఇళ్ల వంట ఒక్క గిన్నెలో.
ఆ పేర్లన్నీ నా పుస్తకంలో ఉన్నవే,
ఏ ఒక్కరి వంటిల్లూ నేను చూసింది లేదు.
పచ్చడి లేదు. ఉప్పు చల్లుకుని తిన్నాను.
ప్రార్థన చేశానో లేదో గుర్తులేదు,
రెండోసారి పెట్టుకున్నది గుర్తుంది.

నీళ్లు తీశాక పుస్తకం తెరిచాను.
ఖర్చు: బియ్యం, రెండు పడులు.
"ఒక సభ్యునికి" అని రాసి
కాసేపు చూసి
కొట్టేసి, నా పేరు రాశాను.

ఇప్పుడు డబ్బాలో మేకులు లేవు.
పిడికెడంటే ఎంతో మాత్రం ఇంకా తేలలేదు:
నా పిడికిలి పెద్దది, ఎలీసమ్మది చిన్నది,
తీస్తాను, కొంచెం జారవిడుస్తాను,
జారినవాటిని ఏరి మళ్లీ వేస్తాను.
మళ్లీ నీళ్లొస్తాయేమోనని బియ్యం బస్తా
అటక మీద, ఆమె చీరల పెట్టెలో దాచాను.

మొన్న ఆదివారం డ్రమ్ములోకి వంగి
సువార్తమ్మ ముక్కు చిట్లించింది.
"ఎవరి మూటమ్మా ఇది?
బియ్యం కలరా ఉండల వాసన కొడుతున్నాయి!"
ఆడవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
నేను తల ఎత్తలేదు.
"తూకం చెప్పమ్మా" అన్నాను,
"అవతల అయ్యగారు గౌను విప్పేశారు."